చాప మీద కెప్టెన్లు

నేను సింగపూర్ వెళ్ళింది సంవత్సరాలను బాగుచేయడానికి. ఒక బ్యాంకు పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెలతో సరిపెట్టారు. శతాబ్దం మారిన రోజున కంప్యూటర్లన్నీ వెర్రిమొహాలు వేస్తాయని లోకమంతా హడలిపోతున్న కాలమది. నిజం చెప్పొద్దూ, ఆ హడలే మాబోటివాళ్ళకు అన్నం పెట్టింది. గుంటూరులో ఓ మేడ మీద కోచింగ్ సెంటర్లో నేర్చుకున్న నాలుగు ముక్కల కోబాల్, ఆ పాత ప్రోగ్రాములు రాసిన కంప్యూటర్ భాష, నన్ను విమానం ఎక్కించి, చోవా చూ కాంగ్‌లో పన్నెండో అంతస్తు ఫ్లాట్‌లో దింపింది. పల్నాటి మెట్ట ఊరివాణ్ణి. కుళాయి తిప్పితే ఏ వేళైనా నీళ్ళు రావడం చూసి, మొదట్లో పని లేకపోయినా తిప్పి చూసేవాణ్ణి. ఆ దేశాన్ని ఎవరైనా ఒక మాటంటే ఇప్పటికీ నాకు కోపం వస్తుంది.

పగలంతా ఆఫీసులో రెండంకెల సంవత్సరాలను వేటాడేవాణ్ణి. పని మొదలవక ముందు మాత్రం నా సొంత వేట ఇంకోటి ఉండేది. అరవై ఒకటి, అరవై రెండు, అరవై మూడు, అరవై నాలుగు. అవి పద్దెనిమిది వందల అరవైలు. అమెరికావాళ్ళు ఉత్తరమనీ దక్షిణమనీ చీలి, తమలో తాము కొట్టుకు చచ్చిన అంతర్యుద్ధం నాటివి. ఆ యుద్ధంలో పనిచేసిన సైనికాధికారుల సంతకాలు అప్పుడప్పుడే ఇంటర్నెట్‌లో వేలానికి రావడం మొదలైంది. అక్కడ రాత్రి భోజనాలు ముగిసే వేళకు వేలం ముగిస్తే మాకు ఆఫీసు తెరిచే వేళ. బ్యాంకువాళ్ళ వేగమైన లైను, నా చేతిలో వేడి కాఫీ, అవతల నాతో పోటీ పడుతున్న అమెరికావాడికి ఆవులింతలు. సంతకాలు ఏరుకునేవాడికి ఇంతకన్నా అనువైన దేశం ఉండదు.

జనరళ్ళ జోలికి నేను పోలేదు. వాళ్ళ సంతకాలు మన జీతాలకు అందవు. పైగా యుద్ధం అయ్యాక అడిగిన ప్రతివాడి ఆల్బంలోనూ మీసం దువ్వుకుంటూ నింపాదిగా చేసిన సంతకాలవి. నాకు కావలసింది యుద్ధం జరుగుతుండగా చేసినవి. గుర్రాల దాణా అందిందనో, బూట్లు చాల్లేదనో రాసిన కాగితం అడుగున ఎవరో కెప్టెనో మేజరో మోకాలి మీద పెట్టుకుని గీకిన పేరు, కింద హోదా, దాని కింద దళం అంకె. తర్వాత ఎవరో కత్తెర పట్టి ఆ సంతకం మేరకు కత్తిరించుకుని మిగతాది పారేసి ఉంటారు. రెండు వేళ్ళ వెడల్పు ముక్క మిగిలేది. ఇలాంటివి చాలా అరుదు. ఆ చిన్న అధికారుల్లో ఎక్కువమంది మళ్ళీ సంతకం చేసే అవకాశం లేకుండా పోయారు.

మా ఆవిడ దృష్టిలో ఇది పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టండి అనే బాపతు. ఎవరివో, ఏ ఊరివాళ్ళవో, చదవడానికి కూడా రాని సంతకాలు మనకెందుకండీ అనేది. నా జవాబు ఎప్పుడూ ఒకటే. మాది కారంపూడి పక్క పల్లె. ఒక తండ్రి బిడ్డలు రెండు రాజ్యాలై కొట్టుకున్న పల్నాటి యుద్ధం జరిగింది అక్కడే. ఏటా కార్తీక అమావాస్య నాడు వీరుల తిరునాళ్ళు మొదలవుతాయి. యుద్ధంలో పడిపోయిన వీరుల ఆయుధాలను వాళ్ళ వంశాలవాళ్ళు ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో తెచ్చి, కడిగి, పసుపు రాసి, కుంకుమ పెట్టి ఊరేగిస్తారు. చిన్నప్పుడు నన్ను పీకిన సందేహం ఒక్కటే. ఇన్ని కత్తులున్నాయి, రాత్రంతా పాడేంత కథ ఉంది, ఒక్క వీరుడి చేతిరాత కూడా లేదేం? మనిషి రాత చూస్తే మనిషిని చూసినట్టే కదా.

అందుకే, కంప్యూటరు తెర మీద మొదటిసారి ఒక కెప్టెన్ సంతకం చూసినప్పుడు చేతిలో కాఫీ పక్కన పెట్టేశాను. ఇంటిపేరు సగంలో సిరా అయిపోతే మళ్ళీ కలం ముంచి రాసిన జాడ స్పష్టంగా కనిపించింది. మొదటి సగం పాలిపోయి, రెండో సగం నల్లగా ఉంది. ఎవరి దేశమైతేనేం, అన్నదమ్ముల యుద్ధమే కదా అనుకున్నాను. నేను కొన్న మొదటి సంతకం అదే. ఆ తర్వాత పాతిక దాకా పోగేశాను. ఉత్తరాదివాళ్ళకు నీలం ఆల్బం, దక్షిణాదివాళ్ళకు బూడిద రంగు ఆల్బం, ఆ సైన్యాల దుస్తుల రంగులే. సేకరించేవాళ్ళలో అదొక మర్యాద. సింగపూర్ చెమ్మకు కాగితం బూజు పట్టకుండా, ఆఫీసులో కొత్త కంప్యూటర్ల పెట్టెల్లో వచ్చే తేమ పీల్చే గుళికల పొట్లాలన్నీ తెచ్చి బీరువాలో పేర్చేవాణ్ణి.

సంతకాల పిచ్చివాళ్ళమంతా ఈమెయిళ్ళు రాసుకునే గుంపు ఒకటుండేది. ఒకరోజు అందులో ఎవరో అడిగారు: ఫలానా దళంలో ఫలానా కెప్టెన్ చేతిరాత, ఒక్క అక్షరమైనా సరే, ఎవరి దగ్గరైనా ఉందా అని. చూస్తే ఆ పేరు నా మొదటి కెప్టెన్‌ది. అడిగినాయన చిరునామా చూశాక కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. ఆయన క్లెమెంటి దగ్గర విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే అమెరికన్ పెద్దాయన. చేతిలో వెన్న పెట్టుకుని నేతికి ఊరంతా తిరిగినట్టు, లోకమంతా గాలిస్తున్నాడు. కాగితమేమో రైల్లో నాలుగు స్టేషన్ల అవతల మా బీరువాలో ఉంది.

క్లెమెంటిలో తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్లో కలిశాం. టిష్యూ పొట్లం పెట్టి, అక్కడివాళ్ళ మాటలో టేబుల్ చోప్ చేసి, అంటే ముందే పట్టి ఉంచి, నాకోసం ముందే వచ్చి కూర్చున్నాడు. ఆరడుగుల మనిషి, గుండె ఆపరేషన్ అయింది, మాట నెమ్మది. ఆ కెప్టెన్ ఆయనకు ముత్తాత. వాళ్ళది దక్షిణాది కుటుంబం. మనుషుల్ని కొనీ అమ్మీ బతికే పద్ధతిని కాపాడటానికి తుపాకీ పట్టనని ఆ కెప్టెన్ ఇల్లు విడిచి ఉత్తరాది సైన్యంలో చేరాడట. తమ్ముడు దక్షిణం వైపే ఉండిపోయాడు. ఇద్దరూ తిరిగి రాలేదు. తండ్రి చిన్నకొడుకు పేరు రాయి మీద చెక్కించి, పెద్దకొడుకు రాసిన ఉత్తరాలన్నీ పొయ్యిలో పెట్టాడట. పెద్దవాణ్ణి ఎక్కడ పూడ్చారో కూడా ఎవరికీ తెలియదు. ఇంట్లో ఆ పేరు ఎత్తితే ద్రోహి అనేవారట.

పెద్దాయనకు ఒక అక్క ఉంది. ఎనభై దాటిన మనిషి, మంచం మీద ఉంది. చిన్నప్పుడు ద్రోహి మునిమనవరాలని బడిలో పిల్లలు ఏడిపిస్తే, ఆ ముత్తాత ఎలా ఉండేవాడో తెలుసుకోవాలని ఇల్లంతా వెతికి ఏమీ దొరక్క ఊరుకుందట. ఈయన కాంట్రాక్టు డిసెంబరుతో ముగుస్తుంది. అక్క పోయేలోగా ఆ ముత్తాత ఆనవాలు ఒక్కటి ఆమె చేతిలో పెట్టాలని ఆయన కోరిక. అంతే అడిగాడు. ఎంతకైనా కొంటానన్నాడు.

అమ్మను గాక అమ్మను, తీసుకెళ్ళండి అనేశాను. రైలెక్కాక నా నోటిని నేనే తిట్టుకున్నాను. పాతికలో నాకు ప్రాణమైనది అదొక్కటే. కానీ మాటంటే మాటే. విమానం ఎక్కే ముందు రోజు మా ఇంటికి భోజనానికి వచ్చి తీసుకెళ్ళేట్టు ఒప్పందం. అప్పటిదాకా చూడనన్నాడు. చూసి, వదిలి వెళ్ళడం తన వల్ల కాదన్నాడు.

ఇంతలో మా అమ్మ వచ్చింది. కొడుకు కాపురం చూద్దామని విజిటింగ్ వీసా మీద వచ్చిన మనిషికి ఆ దేశంలో అన్నీ నచ్చాయి, పన్నెండో అంతస్తులో ముగ్గెక్కడ వేయాలో తెలియకపోవడం తప్ప. ఇంకొక్క దిగులు. పుట్టి బుద్ధెరిగాక వీరుల తిరునాళ్ళు ఆమె ఏనాడూ తప్పలేదు. ఈసారి ఆ అమావాస్య సింగపూర్లో వచ్చింది. క్యాలెండరు ముందు నిలబడి నిట్టూర్చేది. ఆమె దిగులు మరిపిద్దామని ఒక ఆదివారం ఆల్బంలు తెచ్చి ముందు పెట్టాను. వీళ్ళూ వీరులేనమ్మా, మన పల్నాడు లాగే అన్నదమ్ములు కొట్టుకుని పోయారు, ఇవి వాళ్ళ చేతిరాతలు అని ఉత్సాహంగా చెప్పాను. భోజనానికి రాబోయే పెద్దాయన కథా చెప్పాను. అంతా శ్రద్ధగా విని, రెండు పుస్తకాలెందుకు పెట్టావురా అంది. ఇటువాళ్ళు ఇందులో, అటువాళ్ళు అందులో అన్నాను. ఊఁ అని ఊరుకుంది. ఆ ఊఁ అర్థమయ్యే తెలివి నాకు లేకపోయింది.

కార్తీక అమావాస్య నాడు ఆఫీసు నుంచి వచ్చి తలుపు తీసేసరికి సాంబ్రాణి వాసన గుప్పుమంది. హాల్లో మేం టీవీ చూడటానికి పరుచుకునే ప్లాస్టిక్ చాప మీద దీపం, కొట్టిన కొబ్బరికాయ, కోసిన నిమ్మకాయలు. వాటి ముందు నా కెప్టెన్లు, మేజర్లు, లెఫ్టినెంట్లు. అందరూ ఆల్బం ప్లాస్టిక్ తొడుగుల్లోంచి బయటికొచ్చి, నీలమూ బూడిదా అని లేకుండా కలగలిసి బారులు తీరారు. ప్రతి కాగితానికీ నాలుగు మూలలా పసుపు. ప్రతి పేరు మీదా ఎర్రగా కుంకుమ బొట్టు.

వంటింటి గుమ్మంలో మా ఆవిడ, నేను అప్పుడే బజారు నుంచి వచ్చాను, నాకేం తెలియదు అన్నట్టు చేతులు ఊపింది. అమ్మా, అన్నాను. చెప్పులు బయట విడువు అంది అమ్మ.

ఏం చేశావో తెలుసా, అవి ఎంత అపురూపమైనవో తెలుసా అని నేను అంటూనే ఉన్నాను. ఆమె నావైపు జాలిగా చూసింది. "వీరుల కాడికి పోలేకపోతినే అని నేను కుమిలిపోతా ఉంటే, ఇంట్లోనే ఇంతమందిని పెట్టుకున్నావు. ముఖాన బొట్టు లేకుండా అట్టా మూల పడేస్తారంట్రా?"

అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు ఫ్రిజ్ తలుపు విసిరికొట్టి, వంగి నా మొదటి కెప్టెన్ను వెతికాను. నీలం ఆల్బంలో మొదటివాడు కాబట్టి మొదటి పసుపంతా ఆయనకే పడింది. మూలల నుంచి తడి లోపలికి పాకి, పేరు చుట్టూ పచ్చటి మరక. బొట్టు సరిగ్గా సిరా ముంచి మళ్ళీ మొదలుపెట్టిన చోట పడింది. ఇన్నేళ్ళు నేను వేళ్ళు కూడా తగలనీయకుండా పట్టకారుతో తీసిన కాగితం. పెద్దాయన రావడానికి మధ్యలో ఒక్క రోజే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం పని ఎగ్గొట్టి, టోవా పాయోలో పాత పటాలు బాగుచేసే చీనా ముసలాయన దగ్గరికి పరుగెత్తాను. భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. కడిగితే పసుపు కన్నా ముందు సిరా పోతుందని తేల్చేశాడు. పాత కాగితం, ముట్టుకోకపోతేనే మంచిది లా, అని సింగపూర్ యాసలో చెప్పి చేతిలో పెట్టేశాడు. ఇంటికొస్తే, ఎండలో పెడితే పసుపు మరక పోతుంది కదండీ, చీరలకు మనం చేసేది అదేగా అంది మా ఆవిడ. నిజమే. ఎండకు పసుపు పోతుంది, దాంతోపాటు నూట ముప్పై ఏళ్ళ సిరా కూడా పోతుంది. అయినా డిసెంబరు వానలకు ఎండ ఎక్కడుంది. ఫోన్ చేసి చెప్పేద్దామని రెండుసార్లు అంకెలు నొక్కి పెట్టేశాను. పెద్దాయన మంచంలో ఉన్న అక్కకు ఏమని చెప్పుకుంటాడో తలచుకుంటే అన్నం సహించలేదు.

ఆయన రాక తిరునాళ్ళలో మూడో రోజుకు పడింది. మా వైపు దాన్ని మందపోరు అంటారు. కులం, గోత్రం చూడకుండా అందరూ ఒకే చాప మీద కలిసి తినే రోజు. దాన్నే చాపకూడు అంటారు. అమ్మ పొద్దున్నే లేచి ముద్దపప్పు, గోంగూర, పులిహోర, పరమాన్నం చేసింది. వద్దని మొత్తుకున్నా వినకుండా కెప్టెన్లందరినీ మళ్ళీ చాప మీదికి చేర్చింది. ఇక చెడేదేముందిలే అని నేనూ ఊరుకున్నాను.

పెద్దాయన చుట్టిన గొడుగుతో, ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. చెప్పకుండానే బూట్లు బయట విప్పాడు. నేను కాగితాన్ని గాజుపలకల మధ్య పెట్టి ఆయన చేతికిచ్చాను. కళ్ళద్దాలు పెట్టుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. నేను క్షమాపణ మొదలుపెట్టాను. ఆయన వినలేదు. వేలితో పసుపు చూపించి, ఇది ఏమిటి, ఎవరు పెట్టారు అని అడిగాడు. అమ్మను చూపించాను. ఎందుకు పెట్టిందో అడగమన్నాడు. అడిగాను.

"ఆయన వంశపోళ్ళు పెట్టినట్టు లేరు. అందుకని నేను పెట్టా" అంది అమ్మ.

ఆ మాట ఇంగ్లీషులో చెప్పడానికి నాకు సిగ్గేసింది, కానీ చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఈ మనిషిని మా ఇంట్లో ద్రోహి అన్నారని, అటువైపు నుంచి సొంత తమ్ముడే తుపాకీ పట్టాడని ఆమెకు తెలుసా అన్నాడు. తెలుసు, నేనే చెప్పాను అన్నాను. అయినా అమ్మకు ఆ ప్రశ్న వినిపించాను. చాప మీద ఉన్నవాళ్ళలో సగంమంది తప్పు పక్షాన పోరాడినవాళ్ళేనని కూడా, ఎందుకో, గుర్తుచేశాను.

"తప్పొప్పులు బతికున్నోళ్ళు చూసుకోవాల. పోయినోళ్ళకి అన్నం పెట్టాల" అంది. అని, పెద్దాయన్ని తన మనిషిని తెచ్చి చాప మీద పెట్టమని, కూడు చల్లారిపోతోందని చెప్పింది.

గుండె ఆపరేషన్ అయిన ఆరడుగుల మనిషి, నా భుజం పట్టుకుని నెమ్మదిగా చాప మీద కూర్చున్నాడు. వీళ్ళలో దక్షిణాదివాళ్ళెవరని అడిగాడు. ఒక మేజర్ని చూపించాను. ఆ మేజర్ పక్కన ముత్తాతను పెట్టాడు. ముత్తాత తమ్ముడి కాగితం మా దగ్గర లేదు, ఆ చోటు ఆ మేజర్ నింపాడు. అమ్మ విస్తరిలో వడ్డించి, పప్పన్నం కలిపి ముద్ద చేసింది. ఆయన్ని ఇంట్లో ఏమని పిలిచేవాళ్ళో అడగరా అంది. అడిగాను. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. తెలియదు. తెలిసినవాళ్ళు ఎవరూ మిగల్లేదు.

అమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. ముద్ద ఆ కాగితం ముందు పెట్టి, "తిను నాయనా" అంది.

ఏమన్నదని ఆయన నన్నడిగాడు. కన్నకొడుకును పిలిచే పిలుపు పిలిచి తినమంటోందని చెప్పాను. ఆయన ముఖం చేతుల్లో దాచుకున్నాడు. మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది. అమ్మ మాత్రం ఇలాంటివి చాలా చూసినట్టు, ఆయనకు విస్తరి వేసి, పరమాన్నం ముందు వడ్డించింది. ఆయన చేత్తోనే తిన్నాడు. గోంగూర రెండోసారి అడిగాడు. వెళ్ళేటప్పుడు పసుపుతో, బొట్టుతో ఉన్న ఆ కాగితాన్ని గుండెజేబులో పెట్టుకుని వెళ్ళాడు. శుభ్రం చేయించడానికి మంచి మనుషులు మీ దేశంలో ఉంటారని చెప్పబోతే, మళ్ళీ ఆ మాట అనవద్దన్నాడు.

ఆ తర్వాత సంతకాలు కొనడం తగ్గించాను. ఉన్నవాళ్ళను ఒకే ఆల్బంలోకి మార్చాను. పసుపు అంటిన సంతకాలకు వేలంలో విలువ లేదని నా తోటి పిచ్చివాళ్ళు తేల్చారు. ఆ ముక్క చదివి హాయిగా నవ్వుకున్నాను. అమ్మకు థాంక్స్ మాత్రం చెప్పలేదు. మా ఇళ్ళల్లో అమ్మకు థాంక్స్ చెబితే జ్వరమేమోనని నుదురు ముట్టి చూస్తారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. అన్నేళ్ళు వాళ్ళను చెమ్మ తగలకుండా కాపాడానే గానీ, వాళ్ళకు ఆకలేస్తుందని నాకు తట్టలేదు. తట్టిన మనిషి నా ఇంట్లోనే ఉండటం, ఆ పూట అది నా కళ్ళతో చూడటం నా అదృష్టం.

కొత్త సంవత్సరం వచ్చింది. కంప్యూటర్లేవీ ఆగలేదు. జనవరిలో ఒక పొద్దున ఆఫీసుకెళ్ళేసరికి పెద్దాయన ఈమెయిల్ వచ్చి ఉంది. అక్క చేతిలో కాగితం పెట్టాడట. ఆమె చాలాసేపు ఆ పేరు మీద వేలితో రాస్తూ ఉండిపోయిందట. పసుపు ఏమిటని అడిగితే అంతా చెప్పాడట. సముద్రాల అవతల ఒక తల్లి మన ముత్తాతను నాయనా అని పిలిచి అన్నం పెట్టిందన్నాడట.

ఆమె ఒక్కటే అడిగిందట, తిన్నాడా అని.

తిన్నాడని చెప్పాను, అని రాశాడు.